పరాయి కణాలు

"ఏమే, ఆ సైంటిస్టుని అడుగు. ఉప్పు ఇటు జరుపుతుందేమో," అన్నాడు నాన్న.

ఉప్పు డబ్బా పెద్దమ్మాయి మోచేతి పక్కనే ఉంది. ఆ బల్ల ఏమంత పెద్దది కాదు, చెయ్యి చాపితే అందుతుంది. అయినా నిన్న సాయంత్రం నుంచి ఆయన కూతురితో నేరుగా మాట్లాడటం మానేశాడు. అడగాల్సిందంతా భార్య చేత అడిగిస్తున్నాడు.

అమ్మ పొయ్యి దగ్గర ఉడికిన గుడ్లు ఒలుస్తోంది. వెనక్కి తిరగకుండానే, "నాకున్నది ఒకటే నోరు. మీ ఇద్దరి కబుర్లు మోయడానికి అద్దెకివ్వను," అంది.

పెద్దమ్మాయి ఉప్పు డబ్బా ఆయన ముందుకు జరిపింది. ఆయన దాన్ని చూడనట్టే, గుడ్డు చప్పగా తిన్నాడు. తింటూ మొహం చిట్లించాడు. అయినా ఉప్పు ముట్టుకోలేదు.

"పంతానికి ఉప్పు అక్కర్లేదు కాబోలు," అంది అమ్మ.

నాన్న సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలినా గొంతు మాత్రం బస్సులోనే ఉండిపోయింది. కూతురికి జీతమిచ్చే ట్రస్టు కోసం ప్రతి ఆదివారం మార్కెట్టు దగ్గర విరాళాల డబ్బా పట్టుకుని నిలబడతాడు. ఆయన డబ్బా ఊపుతూ "జరగండి, జరగండి, అందరూ వేయండి" అంటే, కూరలు కొనడానికి వచ్చినవాళ్లు కూడా అలవాటు కొద్దీ జేబులో చెయ్యి పెడతారు.

అలాంటి మనిషికి నిన్న సాయంత్రం కూతురు ఒక మాట చెప్పింది. రేపు జరిగే దాతల సభలో తను మాట్లాడనని. ఎందుకని ఆయన అరిచి అడిగితే, కారణం కూడా చెప్పింది. మూడేళ్లుగా తాము పెంచుతున్న కణాలు అసలు తాము మందు వెతుకుతున్న కండరాల జబ్బు మనుషులవి కావని.

తమ్ముడు తలస్నానం చేసి తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. వాడు ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేస్తాడు. "అక్కా, రాత్రంతా ఆలోచించాను. ఒకరి ఫోను అనుకుని ఇంకొకరి ఫోను విప్పి మూడేళ్లు బాగుచేశావు. అంతేనా?"

"అంతే," అంది పెద్దమ్మాయి.

"ఫోనైతే ఆన్ చేయగానే తెలిసిపోతుంది కదా, ఎవరిదో."

"కణాలకి మొహం ఉండదురా. గాజు పళ్లెంలో అన్నీ ఒకలాగే ఉంటాయి. కండరాల కణాలు నెమ్మదిగా పెరుగుతాయి. వాటి మధ్యలోకి ఎప్పుడో, ఎవరి చేతి నుంచో, ఒక కణితి కణాల చుక్క పడింది. అవి ఊరికే పెరిగే రకం. వీటిని తోసేసి పళ్లెమంతా అవే నిండిపోయాయి. మేము మందు వేశాం. కణాలు చురుగ్గా పెరిగాయి. మందు పనిచేస్తోందని మురిసిపోయాం. అవి మందు వేయకపోయినా అంతే పెరుగుతాయి. పంట అనుకుని కలుపుకి నీళ్లు పెట్టాం."

"ఏమే," అన్నాడు నాన్న, "ఆ కలుపు పీకేసి మళ్లీ విత్తనం వేసుకోమను. దానికి సభలో మూతి ముడుచుకోవడం దేనికో అడుగు."

"నేనిక్కడే ఉన్నాను నాన్నా."

"ఉంటే ఉండనీ."

"రేపు నేను మైకు ముందు నిలబడితే వాళ్లు అడిగేది ఒకటే. మందు ఎప్పుడొస్తుందని. నన్నేం చెప్పమంటావు?"

ఆయన ఇక ఉండలేకపోయాడు. భార్యని వదిలేసి సీలింగు ఫ్యానుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. "పని జరుగుతోందా లేదా? జరుగుతోంది. ఆ మాటే చెప్పు. అబద్ధం చెప్పమని ఎవరన్నారు? వచ్చే ఏడాదికి మందు వచ్చేస్తుందని నేను మార్కెట్లో ఎంతమందికి చెప్పాను. మంగలి షాపాయన దగ్గర్నుంచి స్కూలు ఆయా దాకా. రేపు వాళ్లందరూ మంచి బట్టలు కట్టుకుని వస్తారు. ముందు వరసలో కూర్చుంటారు."

"అలా చెప్పమని నేను అన్నానా?"

"చెప్పొద్దని మాత్రం అన్నావా?"

నిజమే, పెద్దమ్మాయి అనలేదు. ఒక ఆదివారం ఆయన పక్కనే నిలబడింది. "ఇదిగో, మా అమ్మాయి. వచ్చే ఏడాదికి మందు తెస్తుంది" అని ఆయన అన్నప్పుడు జనం మొహాలు ఎలా వెలిగాయో చూసింది. అలా కాదు, ఇంకా చాలా ఉంది అని చెప్పబోయింది. కానీ సిగ్గేసింది, ఆ మొహాల ముందు. నవ్వి ఊరుకుంది. ఆ నవ్వే ఇప్పుడు మెడకి చుట్టుకుంది.

అమ్మ పొయ్యి ఆపి వచ్చి కూర్చుంది. "సరే, అది కాదు, ఇంకోటి అడుగుతా. మీ ప్రయోగశాల సారేమన్నారు?"

"కణాల సంగతి ఆయనకి తెలుసు. సభ గురించి ఇవాళ మాట్లాడతాను."

"ఆ ఐస్‌క్రీమావిడకి తెలుసా?"

"తెలీదు."

ఐస్‌క్రీమావిడ అంటే ట్రస్టు పెట్టినావిడ. ఐస్‌క్రీముల ఫ్యాక్టరీ ఉంది. కొడుకు ఇదే జబ్బుతో, ఒక్కొక్క కండరం సన్నబడిపోయి, కాలేజీ ముగించకుండానే పోయాడు. పెద్దమ్మాయి ఉద్యోగం ఆ కుర్రాడి పేరు మీదే ఉంది. ఎవరూ అనుభవం లేని పిల్లని నమ్మని రోజుల్లో, పెద్ద సంస్థలన్నీ "ముందు ఫలితాలు చూపించు, తర్వాత డబ్బిస్తాం" అని తిప్పిపంపుతున్న రోజుల్లో, ఆవిడ ఒక్కతే "ఫలితాలు రావాలంటే ముందు ఎవరో ఒకరు నమ్మాలి కదమ్మా" అంది. ఆ మాట మీదే ఈ ఇంట్లో మూడేళ్లుగా పొయ్యి వెలుగుతోంది.

"ఆవిడ గుండె రాయి చేసుకుని నడిపిస్తోంది," అంది అమ్మ. "చెప్పేటప్పుడు కాస్త చూసుకుని చెప్పు."

"చెప్పడం దేనికే అసలు?" అన్నాడు నాన్న. "ఇప్పుడు ఇది నోరు తెరిస్తే అందరి ఆశా పోతుంది. కింద వాటాలో ఇదే జబ్బుతో అవస్థ పడుతున్న దర్జీ చెల్లెమ్మని చూడు. యూనిఫారాల ఫ్యాక్టరీ వాళ్లు కొత్తగా చేరినవాళ్లకి కత్తిరింపు నేర్పే ఉద్యోగం ఇస్తామన్నారు. కుట్టక్కర్లేదు, నిలబడి చెబితే చాలు. సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నారట. నేనే వద్దన్నాను. వచ్చే ఏడాదికి వేళ్లు బాగవుతాయి, చేతిలో ఉన్న కొట్టు మూసుకుని ఒకరి కింద చేరడం ఎందుకని."

పెద్దమ్మాయి చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టింది. "ఎప్పుడన్నావు?"

ఆయన ఖాళీ ప్లేటు పక్కకి జరిపాడు.

"నాన్నా. ఎప్పుడన్నావు?"

"ఏమే, నా చెప్పులెక్కడ పెట్టావు?" అంటూ లేచాడు.

*

ప్రయోగశాలలో కణాలుండే గది ఎప్పుడూ ఒకే వెచ్చదనంలో ఉంటుంది. తలుపు పక్కన ఫ్రిజ్ మీద ఒక రేకు బిళ్ల, "ఒక తల్లి జ్ఞాపకార్థం" అని. మైక్రోస్కోపు మీద ఇంకో బిళ్ల. కుర్చీల వెనక కూడా దాతల బిళ్లలే. కొత్తగా చేరినప్పుడు పెద్దమ్మాయికి ఆ కుర్చీల్లో వెనక్కి ఆనుకోవడానికి మొహమాటంగా ఉండేది.

సారు గాజు పళ్లేలకి గులాబీ రంగు ద్రవం పోస్తున్నారు. అది కణాలకి మేత. రోజు విడిచి రోజు మార్చాలి, లేకపోతే చచ్చిపోతాయి. మార్కెట్టు డబ్బాలో పడే చిల్లరంతా ఈ మేతకే పోతుంది.

"ఇంకా వీటికి మేతెందుకు సార్?" అంది పెద్దమ్మాయి.

"అలవాటమ్మా." ఆయన తలెత్తలేదు. "ఎవరికైనా చెప్పావా?"

"ఇంట్లో చెప్పాను."

"ఇంట్లో అంటే? మీ నాన్నగారికా?"

"అవును సార్."

"ఆయనకి చెప్పడమంటే మైకులో చెప్పినట్టే కదమ్మా."

ఇంకోరోజైతే ఆమెకి నవ్వొచ్చేదే. "సార్, రేపటి సభలో మనమే చెప్పేద్దాం. తప్పు ఎలా తెలిసిందో, మళ్లీ ఎలా మొదలుపెట్టాలో కూడా చెబుదాం."

"చెబుదాం. కానీ రేపు కాదు. వచ్చే ఏడాది డబ్బుకి ట్రస్టు సంతకం పెట్టాలి. పెట్టాక నేనే వెళ్లి నిదానంగా చెబుతాను. ఇప్పుడు చెబితే ఆవిడ కోపంలో ఆపేస్తుంది. ఆపేస్తే నువ్వు, నీ తర్వాత చేరిన ఆ ఇద్దరు పిల్లలూ రోడ్డు మీద పడతారు. సరైన కణాలతో మళ్లీ మొదలుపెట్టేది ఎవరప్పుడు? ఎవరి డబ్బుతో?"

ఆయన చెప్పేది పూర్తిగా తప్పు కాదు. అందుకే పెద్దమ్మాయికి మరీ చిరాకేసింది. తప్పు మాటైతే కాదనడం సులువు.

"ఆవిడ బిడ్డని పోగొట్టుకున్న మనిషి," అన్నారు సారు. "ఇది విని తట్టుకోలేదు."

"తట్టుకోలేనిది ఆవిడా, మనమా సార్?"

ఆయన ద్రవం పోసే పిప్పెట్టు గొట్టం పక్కన పెట్టారు. ఈ అమ్మాయి తన ముందు ఇంత మాట అనడం ఆయన ఎప్పుడూ వినలేదు. ఆమె కూడా వినలేదు. కానీ మొదలుపెట్టాక ఆపడం తెలియలేదు.

"ఇంకొకటుంది సార్. ఫ్రీజర్ అడుగున పాత సీసా ఒకటుంది కదా, దాన్ని కూడా పరీక్షకి పంపాను. నిన్న జవాబొచ్చింది. అవీ కణితి కణాలే."

"ఏ పాత సీసా?"

"నేను చేరకముందు దాచింది. మీరు ఒక్కరే పనిచేసేటప్పుడు."

సారు ఒక పళ్లేనికి మూత పెట్టారు. అది ఆ పళ్లెం మూత కాదు. తీసి, ఇంకొకటి పెట్టారు. అదీ సరిపోలేదు.

"పరీక్షకి పంపేముందు నన్నడగాలి కదమ్మా," అన్నారు చివరికి.

"ఎప్పుడు కలిశాయో తెలిస్తే మంచిదనుకున్నాను. ఎవరు కలిపారని కాదు సార్. ఎవరి చేతిలోనైనా జరగొచ్చు. ఒక్క చుక్క చాలు."

"అదే నేనూ అంటున్నాను. ఎవరి చేతిలోనైనా జరగొచ్చు. కాబట్టి నువ్వు తొందరపడకు."

"నేను కాదు సార్ తొందరపడేది. మా కింది వాటాలో దర్జీ అత్త ఉంది. ఆమెకి ఈ జబ్బే. మందొస్తుందని నమ్మి, దొరికిన ఉద్యోగం వద్దని ఇవాళ సాయంత్రం చెప్పబోతోంది."

"ఒక్క దర్జీ కోసం ఇన్నేళ్ల పని..."

"ఆ దర్జీ డబ్బు కూడా ఈ ఫ్రిజ్‌లో ఉంది సార్."

సారు చేతి తొడుగులు విప్పి బుట్టలో వేశారు. ఆయనకి కోపమొచ్చిందో, బాధేసిందో మొహం చూస్తే తెలియలేదు. ఆయన మొహం ఎప్పుడూ అంతే. "నాకు బయట పనుంది. నువ్వు ఇంటికెళ్లి కాస్త విశ్రాంతి తీసుకో. మనిద్దరం మాట్లాడుకునేదాకా ఎక్కడా ఏమీ అనకు," అని తలుపు దగ్గర ఆగారు. "నీ మంచికే చెబుతున్నాను."

ఆయన వెళ్లిపోయాక పెద్దమ్మాయి మేత పోయని పళ్లేలు ఎన్ని మిగిలాయో చూసింది. ఎవరివో తెలియని ఆ కణాలకి ఇక పోయాలా, మానాలా అని కొంతసేపు నిలబడింది. మానేసి, లైటు ఆర్పి వచ్చేసింది.

*

"చేతులు చాపు. బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు కాదు, మామూలుగా," అంది దర్జీ అత్త.

పెద్దమ్మాయి చేతులు చాపింది. రేపు వేదిక మీద వేసుకోవడానికి ఆమెకి కొత్త తెల్లకోటు. గుడ్డ నాన్న తెచ్చాడు. కూలీ తీసుకోనని దర్జీ అత్త ఒట్టేసింది. మెట్ల కిందున్న ఆ చిన్న కొట్లో ఒక మెషీను, ఒక అద్దం, కత్తిరింపు బల్ల. ముగ్గురు నిలబడితే నాలుగోవాళ్లు బయటే.

"సూదిలో దారం ఎక్కించిపెట్టు మేనకోడలా. నా వేళ్లు ఇవాళ అలిగాయి. వచ్చే ఏడాది చూద్దువుగాని, కళ్లు మూసుకుని ఎక్కిస్తాను."

పెద్దమ్మాయి దారం ఎక్కించింది. దర్జీ అత్త సూదిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాకుండా, పిడికిట్లో పెన్సిలు పట్టుకునే పసిపిల్లలా పట్టుకుంది. భుజం దగ్గర కుట్టు ఒకవైపుకి పోయింది. ఆమె అది చూసి, చూడనట్టు చేత్తో సాపు చేసింది.

"ఆ ఫ్యాక్టరీ వాళ్లకి ఏం చెప్పావు అత్తా?"

"ఇంకా చెప్పలేదు. దీపాలు పెట్టేలోగా ఫోను చేయాలి. రాననే చెబుతా. నా మెషీను, నా కొట్టు. ఇంకో ఏడాది పళ్లు బిగపట్టానంటే..."

"రాననొద్దు."

"అదేంటి?"

"వెళ్లు అత్తా. ఆ ఉద్యోగంలో చేరు."

దర్జీ అత్త నవ్వింది. "ఏం, రేపు పేరొచ్చాక నీ కోట్లు నేను కుట్టడం నామోషీనా?"

అద్దంలో ఇద్దరూ కనబడుతున్నారు. పెద్దమ్మాయి అద్దంలోని దర్జీ అత్తకే చెప్పింది. తిన్నగా మొహంలోకి చూసి చెప్పడం ఆమె వల్ల కాలేదు. కణాల సంగతి, కలుపు సంగతి, మందు పనిచేయడం లేదని, అసలు పనిచేస్తుందో లేదో ఎవరికీ ఇంకా తెలియదని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలని. చెబుతున్నంతసేపూ కోటు చేతులు చాపే ఉన్నాయి. దించడం మరిచిపోయింది.

దర్జీ అత్త అంతా విని, కుర్చీలో కూర్చుని, మెషీను చక్రాన్ని అరచేత్తో ఒకసారి తిప్పింది. సూది పైకి లేచి, కిందికి దిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"పోయిన వారం."

"పోయిన ఆదివారం నేను డబ్బాలో వేశాను."

"తెలుసు."

"నువ్వు అక్కడే ఉన్నావు. కూరల సంచీ పట్టుకుని."

"ఉన్నాను అత్తా."

"ఉండి?"

పెద్దమ్మాయి చేతులు దించింది.

"నేనూ కస్టమర్లని తిప్పుతాను," అంది దర్జీ అత్త. "రేపు రా, ఎల్లుండి రా, బటన్లు ఒక్కటే మిగిలాయి అంటాను. గుడ్డ మీద కత్తెరే పెట్టి ఉండను. నన్నేం పెద్ద సత్యవంతురాలిని అనుకోకు. కానీ నేను తిప్పేది చొక్కాకి. నువ్వు తిప్పింది..." ఆపేసింది. కుడి చేతిని ఎడమ చేత్తో ఒళ్లోకి తీసుకుంది. అది తనది కానట్టు, ఎవరో దాచమని ఇచ్చినట్టు. "ఇంకా వెతుకుతావా, మానేస్తావా?"

"ఉద్యోగం ఉంటే వెతుకుతాను. ఉంటుందో లేదో తెలీదు."

"ఆహా. భలే ధైర్యం చెప్పావు."

అప్పుడే మెట్ల మీద నుంచి కండక్టరు గొంతు వినబడింది. "చెల్లెమ్మా, కోటు అయిందా? ఏదీ, తొడిగి చూపించు. కాలర్ గట్టిగా నిలబడాలి, చెబుతున్నా." నాన్న గుమ్మంలోకి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి ఆగిపోయాడు.

"రా అన్నయ్యా. నిన్నొకటి అడగాలి," అంది దర్జీ అత్త. "బస్సు షెడ్డు దాటదని తెలిసి కూడా ఎప్పుడైనా టికెట్టు కొట్టావా?"

ఆయన కూతురి వైపు తిరిగాడు. "చెప్పేశావా?"

నిన్నటి నుంచి ఆయన ఆమె మొహం చూసి అన్న మొదటి మాట అది.

"చెప్పాను."

"నీకు అంత ఆత్రమేమిటి? రేపు సభ అయ్యాక నేనే..."

"నన్నడుగు అన్నయ్యా. ప్రశ్న నేను వేశాను," అంది దర్జీ అత్త.

"నాకు నిన్నటిదాకా తెలీదమ్మా. నిజంగా తెలీదు."

"నిన్న తెలిసింది కదా. మరి ఇవాళ పొద్దున నువ్వే వచ్చి ఈ గుమ్మంలోనే నిలబడి, వాళ్లకి రానని గట్టిగా చెప్పెయ్యి, మొహమాటపడకు అన్నావు."

పెద్దమ్మాయి తండ్రి వంక చూసింది. పొద్దున ఆయన చెప్పులు వెతుక్కుంటూ ఎందుకు లేచాడో ఇప్పుడర్థమైంది. ఎప్పుడన్నావు అని ఆమె అడిగినప్పటికి ఆయన అనేసి వచ్చాడు.

నాన్న కత్తిరింపు బల్ల అంచున కూర్చున్నాడు. అంత పొడుగు మనిషీ ఆ బల్ల మీద మడతపెట్టిన గుడ్డలా కుదించుకుపోయాడు. "చెబుదామనే వచ్చాను," అన్నాడు. "నువ్వు ఈ కోటు తీసి చూపించావు. చూడన్నయ్యా, రేపు మనమ్మాయి దీంట్లో ఎలా ఉంటుందో అన్నావు. అంతే, నోటికి వేరే మాట వచ్చింది. ఇన్నేళ్లు అదే మాట అన్నాను కదా, అలవాటుగా అదే వచ్చింది."

"బాగుంది. మీ ఇంట్లో మందు తప్ప అన్నీ తయారవుతాయి," అంది దర్జీ అత్త.

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. అది ఎంతకీ స్టార్టు కావడం లేదు.

దర్జీ అత్త ఫోను తీసింది. బొటనవేలు అంకెల మీద నిలవలేదు, పక్కకి జారింది. రెండోసారీ జారింది. ఆమె చిరాకుగా ఫోను నాన్న ఒళ్లో పడేసింది. "నొక్కు. ఆ ఫ్యాక్టరీ నంబరు పైనే ఉంటుంది. ఈ పనైనా చెయ్యి."

ఆయన నొక్కి ఇచ్చాడు. ఆమె వాళ్లతో మాట్లాడినంతసేపూ "ఆ", "సరే", "వస్తాను" తప్ప ఏమీ లేదు.

"ఆ చోటు ఇంకా ఉందట. సోమవారం రమ్మన్నారు," అంది ఫోను పెట్టేసి. ఎవరో పోయారని కబురు చెప్పినట్టు చెప్పింది. తర్వాత మెషీను మీద గుడ్డ కప్పబోయి, ఆగి, "నిలబడు, ఆ భుజం విప్పి మళ్లీ కుట్టాలి. వంకరగా వచ్చింది. ఇందాకే చూశాను," అంది.

"వద్దులే అత్తా."

"నిజాలు చెప్పుకునే రోజు కదా ఇవాళ. భుజం వంకర. నిలబడు." సూది పట్టుకుంది. "రేపు మాట్లాడతావా?"

"మాట్లాడతాను. ఉన్నది ఉన్నట్టు."

"వద్దు," అన్నాడు నాన్న.

పెద్దమ్మాయికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఏడుపుతో కాదు, విసుగుతో. "ఇంకా వద్దా నాన్నా? ఇంతా అయ్యాక?"

"సభలో వద్దంటున్నాను. జనం మధ్యలో కూర్చున్నావిడకి ఆ మాట మైకులో వినబడకూడదు. ముందు ఆవిడకి ఒక్కదానికే చెప్పాలి. ఇవాళే." ఆయన జేబులోంచి తన ఫోను తీశాడు. "నేను కలిపి ఇస్తా. నువ్వు చెప్పు."

"సారు ఆగమన్నారు."

"మీ సారు మార్కెట్లో డబ్బా ఊపలేదు."

ఐస్‌క్రీమావిడ ఫోను ఎత్తగానే నాన్న గొంతు మామూలుగా పెద్దగానే మొదలైంది. "మేడమ్, నమస్కారం, నేను కండక్టర్ని..." అక్కడికే ఆ గొంతులో గాలి తీసేసినట్టయింది. "మా అమ్మాయి మాట్లాడుతుంది మేడమ్," అని ఫోను ఇచ్చేశాడు.

"చెప్పమ్మా," అంది ఆవిడ. ఎప్పటిలాగే మెత్తటి గొంతు. వెనక కప్పులూ సాసర్లూ చప్పుడవుతున్నాయి. "రేపటి గురించేనా?"

"రేపటి గురించి కాదు మేడమ్. కణాల గురించి. మేము పెంచుతున్న కణాలు..."

"మారిపోయాయట కదా. విన్నాను."

"ఎవరు చెప్పారు మేడమ్?"

"మీ సారే. మధ్యాహ్నం వచ్చారు. నీ చేతిలోనే జరిగిందట కదమ్మా, చేరిన కొత్తలో. ఆ పాత సీసా కూడా నువ్వు దాచిందేనట. పాపం చిన్నపిల్ల, ఏమీ అనకండి అని నా దగ్గర మాట కూడా తీసుకున్నారు." ఆవిడ ఆగింది. "నేనేమీ అననులే. కానీ రేపు వేదిక మీద నీ బదులు ఆయనే మాట్లాడతానన్నారు."

దర్జీ అత్త సూది భుజం మీదే ఆగిపోయింది. నాన్న కళ్లతోనే అడుగుతున్నాడు, ఏమంటోంది, ఏమంటోంది అని.

ఎవరి చేతిలోనైనా జరగొచ్చు అని పొద్దున సారుతో అన్నది తనే. ఆ మాటే ఆయన తీసుకెళ్లి, తప్పంతా ఆమె చేతుల్లో పెట్టారు.

"మేడమ్, నేను ఇప్పుడు మీ ఇంటికి రావచ్చా?" అంది.

అవతల ఆవిడ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి ఎవరితోనో ఏదో అంది. మళ్లీ ఫోనులోకి వచ్చింది.

"రామ్మా. మీ సారు ఇంకా ఇక్కడే ఉన్నారు. నువ్వు వస్తున్నావంటే, ఎందుకూ అంటున్నారు."